వైట్ నైట్‌లో చిలకపచ్చ చీర

క్రూయిజ్ టికెట్ బుక్ చేసిన కొన్నాళ్ళకు ఒక మెయిల్ వస్తుంది. ఏ గుర్తింపు కార్డు తేవాలి, ఎన్నింటికి రావాలి, ఏవి తేకూడదు అని ఇంత పొడుగు చిట్టా. దాన్ని ఎవరూ పూర్తిగా చదవరు. కానీ అడుగున ఒక చిన్న లైన్ ఉంటుంది. ఇంట్లో గొడవలన్నీ ఆ లైన్ దగ్గరే మొదలవుతాయి. మాకొచ్చిన మెయిల్లో ఏముందంటే, రెండో రాత్రి థీమ్ డిన్నర్, తర్వాత డెక్ మీద పార్టీ, అందరూ తెల్ల బట్టల్లో వస్తే బాగుంటుంది అని.

ఓడ ఎక్కని వాళ్ళ కోసం కొంచెం చెప్తా. థీమ్ నైట్ అంటే మన ఇంజనీరింగ్ కాలేజీల్లో 'ట్రెడిషనల్ డే' లాంటిదే. కాకపోతే ప్రిన్సిపాల్ ఉండడు, తిండి బాగుంటుంది. ఒక రాత్రి తెలుపు, ఒక రాత్రి బాలీవుడ్, ఒక రాత్రి పాతకాలపు బెల్‌బాటం, పెద్ద ఓడల్లో అయితే కోటూ టై వేసుకునే ఫార్మల్ నైట్, కెప్టెన్ వచ్చి అందరికీ చెయ్యి ఊపి పోయే గాలా డిన్నర్. ఎందుకు ఇవన్నీ అంటే, సముద్రం మధ్యలో రాత్రి ఎనిమిదింటికి బయటికి పోయి మిర్చి బజ్జీ తిని వస్తానంటే కుదరదు. ఉన్న చోటే రోజుకో కొత్త ఊరు పుట్టించాలి. బట్టలు మార్పిస్తే సగం ఊరు మారిపోయినట్టే.

మా బ్యాచ్ ఐదుగురం. అమ్మ, అక్క, బావ, వాళ్ళ ఆరేండ్ల కొడుకు, నేను. ఊరు కోటగిరి. బోధన్ దాటి మహారాష్ట్ర బార్డర్ వైపు వెళ్తే వస్తుంది. ఒక దిక్కు మంజీర, మరో దిక్కు వరి పొలాలు. చిన్నప్పుడు చెరుకు పొలాలు ఎక్కువ ఉండేవి. ఆ సంగతి తర్వాత చెప్తా, ఎందుకంటే ఓడలో మా కథ మలుపు తిరిగింది చెరుకు దగ్గరే. సముద్రానికీ మా మండలానికీ ఏ చుట్టరికమూ లేదు. అమ్మ చూసిన పెద్ద నీళ్ళు నిజాంసాగర్, బాసర గోదావరి. 'నీళ్ళల్ల పోవుడెందుకు బిడ్డా, నిజాంసాగర్ గేట్లు ఎత్తినప్పుడు చూస్తలేమా?' అని మూడు నెలలు సాగదీసింది. నిజానికి ఆమె భయం వేరే. 2019 సెప్టెంబర్‌లో గోదావరిలో కచ్చులూరు దగ్గర పాపికొండల బోటు మునిగినప్పుడు టీవీ ముందు కూచుని ఏడ్చింది. అప్పటి నుంచి మా ఇంట్లో లాంచీ అనే మాట ఎత్తనివ్వదు.

ఇంకొక భయం కూడా ఉంది, అది ఆమె చెప్పలేదు. మా బాపు పోయి నాలుగేండ్లు. అప్పటి నుంచి అమ్మ ఏ ఫంక్షన్‌కూ ముందు వరసలో ఉండదు. పెండ్లికి పోతే వంటల దగ్గర కూచుంటుంది. బతుకమ్మను మా వాడలో ఆమెలా పేర్చేవాళ్ళు లేరు, తంగేడూ గునుగూ వరస తప్పకుండా గోపురంలా లేపుతుంది. కానీ ఆడి అయ్యాక పసుపు, బొట్టు ఇచ్చిపుచ్చుకునే వేళకు 'పొయ్యి మీద పాలున్నయి' అని లోపలికి పోతుంది. నాలుగేండ్లుగా మా ఇంట్లో సద్దుల బతుకమ్మ రోజు పొయ్యి మీద పాలు ఉంటూనే ఉన్నాయి.

బావకు బోనస్ వచ్చింది, నాకు జాబ్ మారిన పైసలు మిగిలాయి. అమ్మను ఎవరూ ఎరగని చోటికి తీసుకుపోదాం అని అక్కే అన్నది. ఓడ కన్నా ఎరగని చోటు ఏముంటుంది?

సరే, తెల్ల బట్టల మెయిల్ వచ్చిన రోజే అక్క ఉత్సాహం పట్టలేక నిజామాబాద్ వెళ్ళి మూడు తెల్ల చీరలు తెచ్చింది. సన్నటి జరీ అంచు, చూడ్డానికి చాలా బాగున్నాయి. వీడియో కాల్‌లో విప్పి చూపించింది. అమ్మ కొంచెంసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అన్నది:

'మీ బాపు పోయిన పదకొండో దినం మీ మేనత్త తెల్లచీర పట్టుకొస్తెనే నేను కట్టలే. గిప్పుడు పైసలిచ్చి కట్టాల్నా?'

అక్క సర్దిచెప్పబోయింది. 'అమ్మా, అది వేరే. ఇది పార్టీ తెలుపు.'

'తెలుపుల పార్టీ తెలుపు, సావు తెలుపు అని రెండుంటయానే?'

ఉంటాయా అంటే, ఉంటాయి. అందులోనే ఉంది తమాషా అంతా. ఇప్పుడు ప్రపంచమంతా చేసుకునే వైట్ డిన్నర్లలో బాగా పేరున్నది 'డీనే ఆన్ బ్లాంక్'. 1988లో పారిస్‌లో ఫ్రాన్స్వా పాస్కియే అనే ఆయన మిత్రులను పార్కులో భోజనానికి పిలిచి, జనంలో ఒకరినొకరు గుర్తుపట్టడానికి తెల్లవి వేసుకుని రమ్మన్నాడట. అంతే, వేరే తత్వం ఏమీ లేదు. ఇంగ్లండ్‌లో విక్టోరియా రాణి 1840లో పెండ్లికి తెల్ల గౌను వేసుకుంది. ఆ తర్వాతే అక్కడ పెండ్లికూతురంటే తెలుపు అనే ఫ్యాషన్ పాకింది. మనదగ్గర మాత్రం? పెండ్లి పీటల మీద కట్టే మధుపర్కాలు తెల్లటివే. కేరళ ఆడవాళ్ళు ఓనంకు కట్టే కసవు చీర తెలుపే. మా బాపు జీవితమంతా నీలిమందు పెట్టిన తెల్ల అంగీ, తెల్ల పంచెలోనే తిరిగాడు, ఊళ్ళో అది పెద్దరికం. అదే రంగు ఆయన భార్య కడితే అర్థం మారిపోతుంది. రంగు ఒక్కటే, కట్టినవాళ్ళను బట్టి రూల్ మారడం ఏంటో నాకు ఇప్పటికీ అర్థం కాదు. కోడ్‌లో ఇలాంటి కండిషన్ రాస్తే రివ్యూలో వెనక్కి పంపిస్తారు.

అమ్మ తెల్లచీర కట్టనన్నది. నేను అక్కతో చెప్పాను, థీమ్ అంటే బలవంతం కాదు, అడగడం మాత్రమే, కట్టకపోతే ఓడలోంచి దింపరు అని. మీరూ గుర్తుపెట్టుకోండి. థీమ్ నైట్ డ్రెస్ అనేది చాలావరకు మీ ఇష్టం మీదే ఉంటుంది. పద్ధతిగా ఉంటే చాలు. కొన్ని ఓడల్లో ఫార్మల్ డైనింగ్ హాలుకు షార్ట్స్, బనీన్లతో రానివ్వరు, అది వేరే సంగతి. అప్పుడు కూడా బఫే తెరిచే ఉంటుంది.

నిజామాబాద్‌లో సాయంత్రం దేవగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే పొద్దున్నే ముంబై. సీఎస్‌ఎంటీ నుంచి ఓడలు ఆగే బల్లార్డ్ పియర్ వైపు ట్యాక్సీలో పోతే దగ్గరే. మా ఓడ పేరు ఎంప్రెస్, కార్డీలియా వాళ్ళది. దాని చరిత్ర చదివి నాకు నవ్వొచ్చింది. 1990లో ఫ్రాన్స్‌లో కట్టారు, రాయల్ కరీబియన్ కంపెనీకి 'నార్డిక్ ఎంప్రెస్' పేరుతో. అంటే నాకన్నా పెద్దది. చేతులు మారి, పేర్లు మారి, 2021 సెప్టెంబర్ నుంచి మన దేశంలో తిరుగుతోంది. 2022 జూన్‌లో చెన్నై నుంచి విశాఖకు కూడా వచ్చింది. పొడవు దాదాపు 211 మీటర్లు. ఇప్పుడు అన్నిటికన్నా పెద్దవాటిలో ఒకటైన 'ఐకాన్ ఆఫ్ ది సీస్' 365 మీటర్లు, దాని ముందు మాది మేనకోడలు. అయినా కోటగిరి బస్టాండ్ నుంచి వచ్చిన వాళ్ళకు 211 మీటర్లంటే చిన్న విషయమా? అమ్మ తల ఎత్తి, ఇంకా ఎత్తి, 'గిది తేల్తదా?' అన్నది.

ఎక్కగానే సేఫ్టీ డ్రిల్ ఉంటుంది. లైఫ్ జాకెట్ ఎలా వేసుకోవాలి, సైరన్ మోగితే ఎక్కడికి రావాలి, అన్నీ చూపిస్తారు. కుర్రాళ్ళంతా సెల్ఫీల్లో ఉంటే, అమ్మ మాత్రం మొదటి వరసలో నిలబడి ఎంసెట్ క్లాసులా విన్నది. ఈ డ్రిల్ ఊరికే రాలేదు. 2012 జనవరిలో ఇటలీ తీరంలో కోస్టా కాంకోర్డియా ఓడ ఒరిగిపోయి 32 మంది చనిపోయారు. ఆ రోజు ఎక్కిన ప్రయాణికులకు అప్పటికింకా డ్రిల్ జరగలేదు. అందుకే 2015 నుంచి ఓడ కదిలేముందే, లేదంటే కదిలిన వెంటనే చేయాలని అంతర్జాతీయ రూల్. డ్రిల్ అయ్యాక అమ్మ ముఖంలో రంగు వచ్చింది. 'లాంచీల గిట్ల ఎవ్వడు చెప్పిండు?' అని ఒక్క మాట అన్నది, నేను జవాబు చెప్పలేదు.

మొదటి రాత్రి గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. తిన్నాం, తిరిగాం, పిల్లోడు లిఫ్ట్‌లో పదిహేనుసార్లు ఎక్కి దిగాడు. పడుకున్నాం.

రెండో రోజు సాయంత్రం అసలు కథ. ఐదింటికే కారిడార్లన్నీ తెల్లబడటం మొదలైంది. లక్నో చికన్ కుర్తాలు, లినెన్ ప్యాంట్లు, ఒక కేరళ కుటుంబం మొత్తం కసవులో, గుజరాతీ తాతయ్య తెల్ల టోపీలో. బావ తెల్ల ఖద్దరు వేసుకుంటే, లిఫ్ట్‌లో ఉన్న హైదరాబాద్ బ్యాచ్ 'నమస్తే ఎమ్మెల్యే సాబ్' అని దండం పెట్టారు. అక్క తన తెల్లచీర కట్టింది. నేనూ కట్టాను. అమ్మ బాత్రూంలోంచి బయటికి వచ్చింది, చిలకపచ్చ చీరలో. ఎర్ర అంచు. బాపు ఉన్నప్పుడు, ఆఖరుసారి చెరుకు బిల్లు వచ్చిన ఏడు, బోధన్‌లో కొనిపెట్టిన చీర. నాలుగేండ్లలో దాన్ని బయటికి తీయగా నేను చూడలేదు. పెట్టె అడుగున ఎప్పుడు పెట్టుకుందో కూడా తెలియదు.

'గిదే కడ్త. ఏమన్న అంటే రూముల పంట' అన్నది.

డైనింగ్ హాలు గుమ్మం దగ్గర ఇద్దరు అమ్మాయిలు, వచ్చే ప్రతి ఆడమనిషికీ గుడ్డతో చేసిన ఒక తెల్ల గులాబీ ఇస్తున్నారు. ముందు వంద మంది తెలుపు, వెనక వంద మంది తెలుపు, మధ్యలో అమ్మ. నాలుగేండ్లుగా ఎవరి కంట్లో పడకుండా మసిలిన మనిషి, ఓడ మొత్తంలో అందరికన్నా ముందు కనపడే మనిషైపోయింది. నా గుండె కొట్టుకుంటోంది. గుమ్మం దగ్గరి అమ్మాయి పైనుంచి కిందికి చూసి, హిందీలో 'ఆంటీ, ఎంత మంచి రంగు!' అన్నది, పువ్వు చేతిలో పెట్టింది. అమ్మ ఆ పువ్వును పర్సులో వేసి జిప్ పెట్టేసింది.

భోజనం గురించి చెప్పకపోతే ఈ కాలమ్ చదివేవాళ్ళు ఊరుకోరు. తెలుపు థీమ్ అంటే టేబుల్ గుడ్డ నుంచి తిండి దాకా తెలుపే. క్రీమ్ సూప్, వైట్ సాస్ పాస్తా, జీడిపప్పు కుర్మా, కొబ్బరిపాల అన్నం, ఆఖర్న రసమలాయి. రుచి బాగుంది, కారం మాత్రం సెలవు పెట్టింది. అమ్మ మూడు ముద్దలు తిని 'అన్ని పాలబువ్వలే' అన్నది. ఇంట్లో చేసిన తిండి సాధారణంగా ఓడల్లోకి రానివ్వరు కాబట్టి మామిడి తొక్కు డబ్బా రైల్లోనే ఖాళీ అయింది. సర్వర్ కుర్రాడికి మా ముఖాలు చూస్తేనే అర్థమైనట్టుంది. అడక్కుండానే పచ్చిమిర్చి, ఉల్లిగడ్డ, నిమ్మకాయ ముక్కలు ప్లేటు నిండా తెచ్చి పెట్టాడు. ఇది చిట్కాగా రాసుకోండి, ఓడలో ఏది కావాలన్నా ఓపిగ్గా అడిగితే తెస్తారు. అడగకపోవడం మన అలవాటు.

ఇంజనీర్ బుద్ధి కదా, నేను వంటల కన్నా వాళ్ళ పద్ధతి చూస్తూ కూచున్నా. పద్దెనిమిది వందల మంది దాకా పట్టే ఓడ. అందరినీ ఒకేసారి కూచోబెట్టరు. ఒక విడత భోజనానికి పోతే, ఇంకో విడత థియేటర్లో షో చూస్తుంటారు, తర్వాత అటు వాళ్ళు ఇటు. అందరూ బయట ఉన్నప్పుడే రూములు సర్దుతారు. మా ఆఫీసులో లోడ్ బ్యాలెన్సింగ్ అని నెలల తరబడి మీటింగులు పెట్టే పని వీళ్ళు రోజూ రాత్రి రెండు గంటల్లో చేసేస్తున్నారు. ఇంకోటి, డైనింగ్ హాలు సాధారణంగా ఓడ కింది అంతస్తుల్లో పెట్టేది ఊరికే కాదు. ఊపు కింద తక్కువ, పైకి పోయేకొద్దీ ఎక్కువ. నీళ్ళ కింద రెక్కల్లాంటి స్టెబిలైజర్లు ఉంటాయి, అవి పక్కలకు ఊగడం తగ్గిస్తాయి. అయినా కడుపులో తిప్పితే కింది డెక్కు మధ్యలోకి వచ్చి కూచోండి. పై డెక్కు మీద డీజే దగ్గర తూలేవాళ్ళను చూసి తాగారని వెంటనే అనుకోకండి, సగం మంది పాపం సముద్రం వల్ల తూలుతుంటారు.

పాత ఓడల్లో గాలా డిన్నర్ అంటే ఆఖర్న 'బేక్డ్ అలాస్కా' ఊరేగింపు ఉండేది. ఐస్‌క్రీమ్ మీద గుడ్డు సొన నురగ కప్పి, దాని మీద మంట పెట్టి, లైట్లు ఆర్పి, సర్వర్లు వరసగా తలల మీదుగా ఎత్తుకుని వచ్చేవారు. ఓడలో నిప్పంటే భయం కాబట్టి చాలాచోట్ల మంట పోయి బ్యాటరీ దీపాలు వచ్చాయి. మాకు అలాస్కా రాలేదు గానీ సర్వర్లంతా తెల్ల న్యాప్‌కిన్లు తిప్పుతూ ఒక రౌండ్ వేశారు. మా పిల్లోడు వాళ్ళ వెనకే పరిగెత్తాడు.

మా టేబుల్ ఎనిమిది మందిది. మిగిలిన మూడు కుర్చీల్లో కొల్హాపూర్ జిల్లా నుంచి వచ్చిన ఒక పెద్దావిడ, ఆమె కొడుకు, కోడలు. ఆవిడ తెల్ల సల్వార్ కమీజ్, చేతి నిండా తెల్ల గాజులు, జడలో ఆ గుడ్డ గులాబీ. అరవై దాటి ఉంటాయి. అమ్మ తల్లిగారిల్లు బిలోలి వైపు, నాందేడ్ జిల్లా. మరాఠీ ఆమెకు తెలుగంత తేలిక. మొదట ఇద్దరూ నవ్వుకున్నారు. తర్వాత 'మీది ఏ ఊరు' అయింది. తర్వాత ఆవిడ, 'మా ఊళ్ళో అంతా చెరుకే' అన్నది.

ఇక చూడాలి. గంటసేపు ఆ టేబుల్ మీద వేరే సబ్జెక్టు లేదు. ఏ రకం వేస్తారు, మొక్క తోటకు నీళ్ళెన్ని, కార్శికి ఎన్నేండ్లు ఉంచుతారు, టన్నుకు ఎంత ఇస్తున్నారు, కొట్టే కూలీలు ఎక్కడి నుంచి వస్తారు. పార్టీకి వచ్చిన ఇద్దరు ఆడవాళ్ళు షుగర్ ఫ్యాక్టరీ గేటు ముందు నిలబడ్డ రైతుల్లా మాట్లాడుకున్నారు. వాళ్ళ దగ్గర ఫ్యాక్టరీలు నడుస్తున్నాయి. మా బోధన్ ఫ్యాక్టరీ సంగతి అమ్మ చెప్పింది. 1937లో పెట్టిన నిజాం షుగర్స్. ఆసియాలోనే పెద్దదని మా సార్లు గొప్పగా చెప్పేవాళ్ళు. దాని చుట్టూ ఉన్న ఊరి పేరే శక్కర్‌నగర్. 2015 డిసెంబర్‌లో మూతపడింది. ఆ తర్వాత బాపు చెరుకు తీసేసి వరి పెట్టాడు. 'చెరుకు బండి ఎనక పోరగాండ్లు ఉరికేది, గడలు గుంజేది. మా ఆయన తిట్టేది, మల్ల ఆయననే రెండు గడలు తీసి ఇచ్చేది' అని అమ్మ మరాఠీలో చెప్తుంటే నేను కొత్తగా విన్నాను. బాపు గురించి ఆమె నవ్వుతూ మాట్లాడటం ఎన్నాళ్ళయిందో.

అప్పుడు ఆవిడ చాలా మామూలుగా అన్నది. 'నా మనిషి కూడా పోయి ఆరేండ్లు.'

అమ్మ ఆవిడ చేతి గాజుల వైపు చూసింది. ఆవిడకు అర్థమైంది. తమ పక్క ఊరి కథ చెప్పింది. హేర్వాడ్ అని, కొల్హాపూర్ జిల్లా శిరోల్ తాలూకాలో ఉంది. 2022 మేలో ఆ ఊరి పంచాయతీ ఒక తీర్మానం చేసింది. మొగుడు పోయిన ఆడదాని గాజులు పగలగొట్టడం, బొట్టు తుడవడం, మంగళసూత్రం, మెట్టెలు తీయించడం తమ ఊళ్ళో ఇక ఉండకూడదని. అదే నెలలో మహారాష్ట్ర ప్రభుత్వం మిగతా పంచాయతీలు కూడా ఈ దారిలో నడవాలని సర్క్యులర్ ఇచ్చింది. ఈ వార్త నేను అప్పట్లో ఫోన్‌లో చదివి, స్క్రోల్ చేసి ముందుకు పోయిందే. దాన్ని తన చేతులకు వేసుకుని వచ్చిన మనిషి ఎదురుగా కూచుని చెప్తే వేరేగా ఉంటుంది.

'తీర్మానం అయిన నెలకు మా కోడలు గాజులు తెచ్చింది. నేను ఆరు నెలలు వేసుకోలే. సిగ్గేసింది' అన్నదావిడ. కోడలు పక్కనే ఉండి, 'ఆరు కాదు అత్తయ్యా, పది నెలలు' అని సవరించింది.

అమ్మ ఏమీ అనలేదు. రసమలాయి మాత్రం రెండోది అడిగింది.

పార్టీ పై డెక్కు మీద, ఈతకొలను చుట్టూ. గాలి జోరుగా ఉంది. ఇక్కడ ఒక సైన్సు ముచ్చట. డీజే దగ్గర ఊదా రంగు లైట్లు వేస్తారు చూడండి, అల్ట్రావయొలెట్ లైట్లు. వాటి కింద తెల్ల బట్టలు ట్యూబ్‌లైట్లలా మెరుస్తాయి. బట్ట గొప్పతనం కాదు అది, బట్టలుతికే పౌడర్లలో ఉండే ఆప్టికల్ బ్రైటనర్లు. కంటికి కనపడని ఆ కాంతిని పీల్చి నీలంగా వెనక్కి ఇస్తాయి. వైట్ పార్టీలు అంత బాగా కనపడటానికి సగం కారణం సర్ఫ్ డబ్బా. ఆ వెలుగులో డెక్కంతా నీలంగా మెరుస్తుంటే, అమ్మ చీర మాత్రం మెరవకుండా నిలకడగా, చీకటి పచ్చగా ఉంది.

హిందీ పాటలు, మరాఠీ పాటలు అయ్యాయి. హైదరాబాద్ బ్యాచ్ వెళ్ళి డీజేను బతిమాలితే 'నాటు నాటు' వేశాడు. దానికి కేరళ వాళ్ళూ, గుజరాతీ తాతయ్యా కూడా స్టెప్పులేశారు, ఆస్కార్ వచ్చాక అది అందరి పాటైంది. కొల్హాపూర్ తాయి అమ్మ చెయ్యి పట్టి లాగింది. అమ్మ రానన్నది, మోకాళ్ళన్నది. తాయి వదల్లేదు. అమ్మ పర్సు జిప్ తీయించి, ఆ గులాబీ తీసి, అమ్మ కొప్పులో తానే పెట్టింది. నేనూ అక్కా గోడలా నిలబడ్డాం. అమ్మ చెయ్యి ఒకసారి కొప్పు దాకా పోయింది. తీసేస్తుందనుకున్నా. తీయలేదు, సర్దుకుంది.

డీజే పాటకు అమ్మ స్టెప్పులేమీ వేయలేదు. ఆమెకు తెలిసింది ఒక్కటే. నడుము కొద్దిగా వంచి, ఒక అడుగు ముందుకు, చప్పట్లు, ఒక అడుగు పక్కకు, చప్పట్లు. బతుకమ్మ అడుగు. ఎక్కడో దాండియా లాంటిదే అనుకుని ఇద్దరు గుజరాతీ ఆడవాళ్ళు పక్కన చేరారు, తర్వాత కేరళ అమ్మాయిలు, వాళ్ళకు తిరువాతిర అలవాటు ఉంది కాబట్టి ఇట్టే పట్టుకున్నారు. రెండు చుట్లు తిరిగారు. డీజే వేగం పెంచాడు, వలయం చెదిరింది, అమ్మ నవ్వుతూ వచ్చి కుర్చీలో పడింది. 'గునుగు పువ్వులు గింతమంది ఉన్నరు, నేనొక్కదాన్నే ఆకు' అన్నది అందరి తెల్లబట్టల వైపు చూసి.

అక్క ఆ రెండు చుట్లలో ఒక ఫొటో తీసింది. చిలకపచ్చ చీర, కొప్పులో తెల్ల గులాబీ, చప్పట్లకు ఎత్తిన చేతులు. తీసిన ఊపులో మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో పెట్టేసింది. మేనత్త ఉన్న గ్రూపది. చిన్నమ్మలు, కాకలు, ఊళ్ళో సగం మంది ఉన్న గ్రూపది.

కానీ సముద్రం మధ్యలో నెట్ ఎక్కడిది? తీరం దాటిన కాసేపటికే సిగ్నల్ పోతుంది. ఓడ వైఫై కావాలంటే విడిగా పైసలు కట్టాలి, మేము కట్టలేదు. (ఇంకో మాట, ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. పొరపాటున ఓడ శాటిలైట్ నెట్‌వర్క్ పట్టుకుంటే బిల్లు చూసి మీరే సముద్రంలో దూకుతారు. యూపీఐ కూడా నమ్ముకోకండి, ఓడలో ఖర్చంతా రూమ్ కార్డు మీదే రాసి ఆఖర్న కట్టించుకుంటారు.) ఫొటో కింద చిన్న గడియారం గుర్తు. పోలేదు, పోవడానికి సిద్ధంగా ఉంది.

రూముకు వచ్చాక నేను అమ్మకు చెప్పాను. అక్క గ్రూపులో పెట్టింది, నెట్ రాగానే పోతుంది, ఇప్పుడైతే తీసేయొచ్చు అని. అమ్మ ఫొటో చూస్తానన్నది. రెండు వేళ్ళతో పెద్దది చేసి చూసుకుంది. ముఖం, కొప్పు, చీర అంచు.

'మీ మేనత్త చూస్తది.'

'చూస్తది.'

'ఏమంటది?'

'తెల్వదమ్మా. తీసేయమంటే తీసేయమని అక్కకు చెప్తా.'

లైట్ ఆర్పాం. పడుకుందనుకున్నా. చాలాసేపటికి చీకట్లోంచి, 'పొద్దుగాల చూద్దాం' అన్నది.

పొద్దున ఆరింటికే లేచి డెక్కు మీదికి పోయి నిలబడింది. టీ పట్టుకుని పోయాను. దూరంగా తీరం సన్నగా గీతలా కనపడుతోంది. ఇంకొంచెంసేపట్లో టవర్లు అందుతాయి. అక్క కూడా వచ్చింది, ఫోన్ చేతిలోనే ఉంది, ముఖం వాడిపోయి ఉంది. 'అమ్మా, తీసేయనా? ఇంక పోలే' అన్నది.

అమ్మ ఫోన్ తీసుకుని మళ్ళీ ఒకసారి చూసింది.

'దీంట్ల తాయి కండ్లు మూసింది. బాగలేదు. ఇంకోటుందా, ఇద్దరం మంచిగ పడ్డది?'

ఉంది. అక్క పాతది తీసేసి ఆ ఇంకోటి పెట్టింది. ఏడున్నరకు గడియారం పోయి ఒక టిక్కు పడింది. తర్వాత రెండు. బ్రేక్‌ఫాస్ట్‌లో ఇడ్లీ తింటుంటే రెండూ నీలమయ్యాయి.

మొదట చిన్నమ్మ రాసింది, 'అక్కా చీర మంచిగున్నది, ఏడ కొన్నవ్?' అని. ఒక కాక దండం బొమ్మ పెట్టాడు, ఎందుకో ఆయనకే తెలియాలి. పిల్లలు గుండె బొమ్మలు గుప్పించారు. మేనత్త చూసింది, ఏమీ రాయలేదు. సాయంత్రం దాకా రాయలేదు, రైల్లో ఉన్నప్పుడూ రాయలేదు. అమ్మ అడగలేదు గానీ, రెండుసార్లు నా ఫోన్ తీసుకుని 'టైమెంతయింది' అని గ్రూపు తెరిచి చూసింది. మేనత్త ఇప్పటికీ ఆ ఫొటో ఊసెత్తలేదు. మొన్న శ్రీరామనవమికి ఇంటికి వచ్చింది, పప్పు పులుసు తిన్నది, పోయింది. వాకిట్లో చెప్పులు వేసుకుంటూ మాత్రం అమ్మను, 'ఓడల అన్నం దొరుకుతదా?' అని అడిగింది. 'దొరుకుతది, కారమే ఉండది' అన్నది అమ్మ.

పోదామనుకునే వాళ్ళకు రెండు ముక్కలు. ప్రకటనలో కనపడే రేటు ఒక మనిషికి, అదీ రూముకు ఇద్దరుంటే. పన్నులు, పోర్టు ఛార్జీలు, టిప్పులు కలిపితే ఎంతవుతుందో చూసుకున్నాకే ఇంట్లో చెప్పండి. కిటికీ లేని లోపలి రూము చవక, రూములో ఉండేది నిద్రకే కాబట్టి అది చాలు. వానాకాలంలో అరేబియా సముద్రం జోలికి పోకండి. థీమ్ నైట్ కోసం కొత్త బట్టలు కొనక్కర్లేదు, అక్క కొన్న ఆ మూడో తెల్లచీర ఇప్పటికీ ప్యాకెట్లోనే ఉంది, కావాలంటే అడగండి.

ఇప్పుడు ఆదివారం వస్తే కొల్హాపూర్ నుంచి ఫోన్. స్పీకర్ పెట్టి ఇద్దరూ గంటసేపు మరాఠీలో చెరుకు రేట్లు మాట్లాడుకుంటారు. గానుగ సీజన్‌లో తమ ఊరికి రమ్మని తాయి పిలిచిందట, కొత్త బెల్లం చూపిస్తానందట. నిజామాబాద్ నుంచి ఎక్కడ రైలు మారాలో, స్లీపర్‌లో కింది బెర్తు దొరుకుతుందో లేదో చూడమని అమ్మ నన్ను పొద్దున్నుంచి సతాయిస్తోంది.